రాజకీయ పక్షనామములు – వాని యర్థపరిణామము

మన సంఘ వార్షిక మహాసభలో నీ యేడు చర్చకు రానున్న తీర్మానములలో నొకటి, సంఘనామమునకు ముందు ‘అభ్యుదయ’ యను పదమును చేర్పవలెనని కోరుచున్నది. ప్రతిపాదించినవారు యువకులు. ఆ తీర్మానపు ప్రతిని మాకు పంపుచు కార్యదర్శిగారు, “మీరు సంస్కృతము చదివినవారు, ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పినవారు, ఈ మాటకు సరియైన యర్థమేమో సంచికకు నాలుగు పుటలు వ్రాసి యిండు” అని కోరిరి. నాలుగు పుటలలో తేలిపోవు వ్యవహారమే యని మేమును మొదట తలచితిమి. నిఘంటువులు ముందు పెట్టుకొని కూర్చున్న పిమ్మట తెలిసినదేమనగా, పదమునకు నిఘంటువు చెప్పు నర్థమొకటి. ఆ పదమును జెండాగా పట్టుకొని వీథిలోనికి వచ్చిన మనుష్యులు దానికి కల్పించిన యర్థము వేరొకటి. ఇరువదియేండ్లు గడచిన వెనుక వారి ప్రతిపక్షులు దానికి అంటగట్టిన యర్థము మూడవది. కావున వ్యాకరణ వ్యాసము కావలసినది చరిత్ర వ్యాసమైనది. పాఠకులు మన్నింతురు గాక.

మన ప్రాంతమున పేర్లు మారుట క్రొత్తగాదు. జగ్గయ్యపేట పూర్వము బేతవోలు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర దానిని పేటగా నిలిపిరి. నందిగామ తాలూకా యని మేము చిన్ననాడు వ్రాసిన చిరునామా నేడు చెల్లదు. కృష్ణాజిల్లా యని వ్రాసినను చెల్లదు. 2022 ఏప్రిలు నుండి మనము ఎన్టీఆర్ జిల్లావారము. అయినను ఊరి పేరు మారినంత మాత్రమున ఊరు కదలలేదు. పాలేరును మునేరును పారుచోటనే పారుచున్నవి. రాజకీయ నామముల విషయమున నిది తలక్రిందు. అందు పేరు కదలదు. దాని క్రింది నేల కదలిపోవును.

మొదట ‘వాది’ యను మాటను చూతము. మితవాది, అతివాది, ఉదారవాది, జాతీయవాది, సామ్యవాది యని మన పక్షనామములు పెక్కు దీనితోనే ముగియుచున్నవి. తర్కశాస్త్రమున వాది యనగా తన పక్షమును స్థాపింప బూనినవాడు. మునసబు కోర్టులో వాది యనగా దావా వేసినవాడు. రెండు చోట్లను ఎదుట ప్రతివాది నిలువనిదే వాది యుండడు. రాజకీయములందును ఇంతే. ఒక పక్షనామము ఒక భావమును తెలుపునని మనమనుకొందుము. నిజమునకు అది ఒక తగవులో నొకని స్థానమును తెలుపును. ఎదుటివాడు మారినచో ఆ స్థానమును మారును. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకొన్నచో ముందు చెప్పబోవు వింతలు వింతలుగా తోపవు.

మితవాది, అతివాది యను జంట మన పత్రికలలో ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున వ్యాపించినది. ఇంగ్లీషువారి మాడరేటు, ఎక్స్‌ట్రీమిస్టు పదములకు మనవారు చేసికొన్న తర్జుమాలివి. తర్జుమా చేసినవారు ఎవరో గాని తెలిసియో తెలియకయో మితవాదులకు మేలు చేసిరి. మితమనగా కొలతకు లోబడినది; మితభాషి, మితాహారి, మితవ్యయము – అన్నియు మెచ్చుకోలు మాటలే. ‘అతి’ యన్నచో, అతి పనికిరాదని పసిబిడ్డకు గూడ నేర్పుదుము. కాగా తెలుగున అతివాది పేరు వినగనే సగము వాదము ఓడిపోయినవాడు.

అయితే ‘అతివాది’ యను పదము పత్రికలు పుట్టించినది కాదు, ఉపనిషత్తులలో గలదు. అందును వింతయేమనగా, ఒక యుపనిషత్తులో నది మెప్పు, వేరొక దానిలో నిందవంటిది. ఛాందోగ్యమున సనత్కుమారుడు నారదునకు బోధించుచు, ప్రాణతత్త్వము నెరిగినవాడు అతివాది యగునని చెప్పి, ఎవరైన “నీవు అతివాదివి” అన్నచో “అవును, అతివాదినే” యని యొప్పుకొనవలెనే గాని దాచరాదనెను. పిమ్మట, సత్యముచేత అతివాది యైనవాడే నిజమైన అతివాది యని దిద్దెను. ముండకమునందు మాత్రము, తెలిసినవాడు అతివాది కాడని యున్నది. భాష్యకారులు రెంటిని సమన్వయింతురు. అది వారి పని. వేదాంతమునందే ఒక మాట రెండు ముఖములతో నిలిచినప్పుడు కాంగ్రెసు మహాసభలో నిలుచుటలో ఆశ్చర్యమేమి?

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశ యాత్రకు వచ్చెను. విజయనగరము, విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు – వరుసగా సభలు జరిగినవి. కృష్ణాపత్రికకు చెందిన ముట్నూరి కృష్ణారావుగారు ఆయన వెంట నుండిరి. రాజమహేంద్రవరమున వందేమాతరమన్న విద్యార్థులు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారొకరు. ఈయనతో మన తాలూకాకు ఒక చుట్టరికము గలదు. మునేటి యొడ్డున పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపింపగా, ఆ మండలి మొదట ప్రకటించిన పుస్తకము గాడిచర్లవారి అబ్రహాము లింకను చరిత్రము. అమెరికాలో బానిసలను విడిపించినవాని చరిత్ర వ్రాసినందుకు ఎవరును ఆయనను అతివాది యనలేదు. మరుసటి సంవత్సరము, 1908లో, బెజవాడ స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహ నేరమున కారాగారమునకు పంపిరి. తరువాత ఆయన జీవితము గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును అంకితమైనది. ముసలితనమున ఆయనను చూచినవారికి అతివాది యను మాట నమ్మశక్యము గాకుండెడిదేమో. ఆయన మారెనా, మాట మారెనా? రెండును గాదనియే మా యభిప్రాయము. పోట్లాట వేరొక చోటికి పోయినది.

దీనిని ఆనాడే కనిపెట్టినవాడు బాలగంగాధర తిలకు. 1907 జనవరి 2వ తేదిన కలకత్తాలో క్రొత్తపక్షపు సిద్ధాంతములను గూర్చి ప్రసంగించుచు ఆయన, మితవాదులు అతివాదులను పేర్లు కాలమునకు సంబంధించినవనియు, నేటి అతివాదులు రేపటి మితవాదులగుదురనియు, నేటి మితవాదులు నిన్నటి అతివాదులే యనియు చెప్పెను. ఆ సంవత్సరపు డిసెంబరులో సూరతు కాంగ్రెసు కుర్చీలు చెప్పులు విసరుకొని రెండుగా చీలినది. కాని తిలకు మాట చీలలేదు. సురేంద్రనాథ బెనర్జీ 1883లో తన పత్రికలోని వ్రాతకు చెరసాలకు పోయినవాడు. వంగదేశపు యువకులకు నాడు ఆయనయే నిప్పు. 1918లో ఆయన మితవాదులకు పెద్ద, 1921లో దొరతనమువారి మంత్రి, సర్ బిరుదాంకితుడు. తిలకు అనుచరుల మాట గూడ నంతే. తిలకు 1920 ఆగస్టు 1న గతించెను. గాంధిగారి సహాయనిరాకరణము వచ్చినంతనే, నిన్నటి అతివాదులైన కేల్కరు మున్నగువారు మితముగా నడువుడని చెప్పువారైరి. పదమూడేండ్లలో చక్రము తిరిగినది.

ఇక ‘లిబరలు’. దీనిని మనవారు ఉదారవాది యనిరి. లాటిను భాషలో దీని మూలము స్వేచ్ఛను తెలుపు పదము. ఇంగ్లీషున చాలకాలము దాతృత్వమును తెలుపు మాటగా నుండెను. రాజకీయ పక్షమునకు పేరగుట స్పెయిను దేశమున 1812 నాటి రాజ్యాంగ సభ కాలమున. అచటినుండి ఇంగ్లండునకు వచ్చినప్పుడు మొదట వెక్కిరింపుగానే వచ్చినదట. తెలుగువారు రెండర్థములలో దాతృత్వమునే గ్రహించిరి. అమరసింహుడును ఉదారునకు దాత, మహాత్ముడు అను నర్థములే చెప్పియున్నాడు. పర్యవసానమేమనగా, స్వేచ్ఛ కోరువాడు అను భావము తెలుగు మాటలో లేకపోయినది. చేయి పెద్దవాడు అను భావము మిగిలినది.

మదరాసు రాజధానిలో ఈ పేరు పొందిన సంఘములు రెండు గలవు. రెంటికిని పొత్తు లేదు. 1916 నవంబరులో బ్రాహ్మణేతర ప్రముఖులు కూడి స్థాపించినది దక్షిణ భారత లిబరలు ఫెడరేషను. మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణల విషయమున కాంగ్రెసును విడిచి 1918లో మితవాదులు ఏర్పరచుకొన్నది జాతీయ లిబరలు ఫెడరేషను. రెండవ దానిలో శ్రీనివాసశాస్త్రి, శివస్వామి అయ్యరు వంటి బ్రాహ్మణ విద్వాంసులు ముఖ్యులు. ఒకరిపై నొకరు కత్తులు నూరినవారు ఒకే పేరును ధరించిరి! మొదటి సంఘమునకు ఆ పేరు నిలువలేదు. 1917లో వెలువడిన జస్టిస్ అను దినపత్రిక పేరే పక్షమునకు పేరైనది. వీరి తెలుగు పత్రిక ఆంధ్రప్రకాశిక. వీరి సభలు ఆ సంవత్సరమే బిక్కవోలునను బెజవాడలోను జరిగినవి.

జస్టిస్ పక్షమును గూర్చి ఈ సంచికలో వ్రాయుట కొంచెము జంకుతో గూడిన పని. మన పెద్దలలో కొందరు దాని సభలకు పోయినవారు, కొందరు ఖద్దరు కట్టి దానిని ద్వేషించినవారు. ఒకే యింటిలో అన్న యీ పక్షమున, తమ్ముడు ఆ పక్షమున నుండినచోట్లును గలవు. కాంగ్రెసు పత్రికలు దానిని అభివృద్ధి నిరోధక పక్షమనెను. దొరలకు దాసులనెను. హోంరూలు నెదిరించిరి, నిజమే. రాజులు జమీందారులు అందు ముందుండిరి, అదియు నిజమే. కాని 1920 ఎన్నికల పిమ్మట అధికారమునకు వచ్చిన యా పక్షపు దినములలోనే, 1921లో, స్త్రీలకు వోటు హక్కు నొసగుట జరిగినది. ఉద్యోగములలో కులముల వారీ పంపకపు ఉత్తరువు వచ్చినది. పానుగంటి రామరాయణింగారు ప్రధానిగా నుండగా దేవాలయముల ఆస్తులకు చట్టము వచ్చినది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినది. ఈ రామరాయణింగారే 1915లో విశాఖపట్టణపు ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. నేడు ఈ పనులలో దేనిని ఎవరు తలపెట్టినను ప్రగతి యందుము, సామాజిక న్యాయమందుము. నాడు వెక్కిరింపుగా పలికిన ‘న్యాయ’ పక్షపు పేరు నేడు అన్ని పక్షముల ప్రణాళికలలోను మొదటి మాట. పోనీ, జస్టిస్‌వారిని పురోగాములందమా? వారిలోనివాడే యైన పిఠాపురపు రాజాగారు 1936లో వేరుపడి, తమ క్రొత్తపక్షమునకు ప్రజాపక్షమని పేరు పెట్టిరి. రాజు స్థాపించిన ప్రజాపక్షము! 1937 ఎన్నికలలో ప్రజలు కాంగ్రెసునకు 215లో 159 స్థానములిచ్చి దానికి సమాధానము చెప్పిరి. 1944లో సేలము మహాసభలో జస్టిస్ పక్షము తన పేరును ద్రావిడర్ కళగమని మార్చుకొన్నది. తెలుగువారికి అందు చోటు లేకపోయినది.

రెండవ లిబరలు సంఘపు తెలుగువారిని గూర్చి రెండు మాటలు. చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు విజయనగరమువారు; అలహాబాదునుండి లీడరు పత్రికను నడపి, సంయుక్త రాష్ట్రములలో మంత్రియై, లిబరలు మహాసభకు రెండు మారులు అధ్యక్షులైరి. మోచర్ల రామచంద్రరావుగారు ఏలూరువారు. పూర్వము ఏలూరు కృష్ణాజిల్లాలోనిదే. కాంగ్రెసు యువకులు ఆయనను దివాన్ బహద్దూరు మితవాది యని నవ్వుచుండిరి. ఆ మితవాది 1927 డిసెంబరులో బొంబాయిలో జరిగిన సంస్థాన ప్రజల మొదటి మహాసభకు అధ్యక్షత వహించి, సంస్థానములందు బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని కోరిన సభను నడిపించెను. ఆ కాలమున సంస్థానముల లోపలి వ్యవహారములలో జోక్యము వలదని కాంగ్రెసు దూరముగా నిలిచియుండెను. నైజాము సరిహద్దున బ్రతికిన మన జగ్గయ్యపేటవారికి ఈ భేదము పుస్తకములలోనిది కాదు. పాలేరు దాటిన బంధువుల విషయమున మితవాది ముందు, అతివాది వెనుక నుండిరన్నమాట.

కాంగ్రెసులోనే 1922లో గయ మహాసభ పిమ్మట వచ్చిన చీలిక ఇంకను ముచ్చటైనది. శాసనసభలలో ప్రవేశింపవలెనను చిత్తరంజనదాసు, మోతీలాలు నెహ్రూ వర్గమునకు మార్పు కోరువారని పేరు. బహిష్కారమును విడువరాదను రాజగోపాలాచారి వర్గమునకు మార్పు వలదనువారని పేరు. ఆంధ్రమున కొండ వెంకటప్పయ్య పంతులుగారు, పట్టాభి సీతారామయ్యగారు రెండవ వర్గమువారు. మార్పు కోరువాడు ఉగ్రుడు, వలదనువాడు మెత్తనివాడు అని పేరును బట్టి యనుకొందుము గదా. ఇచట మార్పు వలదనువారే జైలునకు సిద్ధముగ నున్నవారు, మార్పు కోరువారు సర్కారు సభలో కుర్చీ కోరువారు. మా విద్యార్థులకు ఈ పాఠము చెప్పినపుడెల్ల పరీక్షలో సగముమంది తారుమారుగా వ్రాయుచుండిరి. తప్పు పిల్లలది కాదు.

ఉదారుడను మాటకు మన తాలూకాలోనే ఒక దృష్టాంతము గలదు. నైజాము నేలలో ద్వీపమువలె నుండి కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో చేరియుండినది మునగాల పరగణా. నేడు సూర్యాపేట జిల్లాలో నున్నది. దాని జమీందారు రాజా నాయని వెంకటరంగారావుగారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకు రావిచెట్టు రంగారావుగారితోను, తమ దివానైన కొమర్రాజువారితోను కలిసి పూనుకొన్నవారు ఈయనయే. తెలుగు పుస్తకము నైజాములో బ్రతికి బట్టకట్టుటకు ఆయన సొమ్ము ఎంత వ్యయమయ్యెనో చరిత్ర మరువరాదు. అమరుడు చెప్పిన రెండర్థములలోను ఆయన ఉదారుడు. ఆ పరగణాలోనే 1930 తరువాతి దశకమున రైతులు వెట్టిచాకిరికిని జమీందారీ వసూళ్లకును విరుద్ధముగా లేచి సత్యాగ్రహము చేసి దెబ్బలు తిని జైళ్లకు పోయిరి. గ్రంథాలయములో చదువుకొన్నవానికి ఆయన అభ్యుదయ ప్రభువు. వెట్టికి పిలువబడినవానికి వేరు. ఇద్దరును అబద్ధమాడలేదు. ఈ రెండు వాక్యములను ఒకే పుటలో వ్రాయు చరిత్రకారులు మనకు తక్కువ. ఒకడు మొదటి దానిని వ్రాయును, ఇంకొకడు రెండవ దానిని వ్రాయును.

సరిహద్దు ప్రస్తావన వచ్చినది గాన రజాకారును గూర్చి చెప్పి ముందుకు పోదుము. ఆ మాటకు అర్థము స్వచ్ఛంద సేవకుడు. కాంగ్రెసు వాలంటీరు అన్నను అదే. 1947–48లో నైజామునుండి జగ్గయ్యపేట దిక్కునకు ప్రాణములు దక్కించుకొని వచ్చినవారికి మా తాతగారు పశువుల కొట్టము ఖాళీచేసి యిచ్చిరని ఇంటిలో చెప్పుకొనుచుండిరి. ఆ కొట్టములో పండుకొన్న బిడ్డ ఉలికిపడి లేచినది ఈ ‘సేవకుడు’ అను మాటకే. 1948 సెప్టెంబరు 13న సైన్యము కదలి అయిదు దినములలో ఆ కథ ముగించినది. మాట మాత్రము నేటికిని కోలుకొనలేదు; దాని నిఘంటువు అర్థమును చెప్పినచో విన్నవారు మమ్మే అనుమానముగా చూతురు.

ఆ కాలముననే ఆవలి గట్టున ‘సంగము’ అన్నచో ఆంధ్ర మహాసభ; 1944 భువనగిరి సభ పిమ్మట కమ్యూనిస్టు. సంగమువాడు వచ్చెనన్నచో దొర గడీ తలుపులు వేయుచుండెడిది. మనము నేడు సమావేశమగుచున్నదియు సంఘమే. ఇంకొక సంఘము జగ్గయ్యపేటలో వీరందరికంటె ముందున్నది. 1882లో బర్జెసు దొర త్రవ్వించిన స్తూపమున ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్య సంవత్సరపు శాసనము గలదు. అచట స్తంభములను నిలిపిన దాత సిద్ధార్థుడను శిల్పి. బౌద్ధుల సంఘమున చేరినవాడు నదులు సముద్రమున చేరినట్లు తన కులనామమును విడిచిపెట్టునని వారి గ్రంథములు చెప్పును. మనము కులనామమును నిలుపుకొనుటకే సంఘమును పెట్టుకొంటిమి. ఒక మైలు దూరములో ఒకే మాట ఇంత తిరిగినది! దీనిని నిందగా వ్రాయుట లేదు. ఈ సంఘపు వసతిగృహములో అన్నము తిని చదువుకొన్నవారిలో మేమొకరము.

ఇక ‘అభ్యుదయ’. ధాతువును బట్టి చూచినచో ఎదురుగా పైకి వచ్చుట. సూర్యోదయము, వృద్ధి, శుభము. కణాదుడు ధర్మమునకు లక్షణము చెప్పుచు, దేనివలన అభ్యుదయమును నిఃశ్రేయసమును గలుగునో అది ధర్మమనెను. అచట అభ్యుదయమనగా ఇహమందలి మేలు. కర్మకాండలో ఆభ్యుదయికమనగా నాందీశ్రాద్ధము. పెండ్లికి ముందు పితరులను పిలిచి తృప్తిపరచు కర్మము. పెద్దలను ఎదిరించు యువకులు తమ పక్షమునకు పెద్దలను పూజించు కర్మము పేరు పెట్టుకొన్నారని మేము తరగతిలో నవ్వుచుండెడివారము. ఇంకొకటి గలదు. అమావాస్య యనుకొని తిథి తప్పి ముందుగా యిష్టి నారంభించినవానికి తూర్పున చంద్రుడు కనబడినచో, ఆ చంద్రోదయమును గూడ అభ్యుదయమనియే మీమాంసకులు వ్యవహరింతురు. దానికి ప్రాయశ్చిత్తము విధించిరి. తొందరపాటునకును అదే పేరన్నమాట.

రాజకీయార్థమున ఈ మాట స్థిరపడినది 1943లో. 1936 ఏప్రిలులో లక్నోలో ప్రేమచందు అధ్యక్షతన కూడిన రచయితల సంఘమును చూచి, తెలుగువారు తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘమును స్థాపించిరి. అప్పటినుండి ఒక తరము వరకు అభ్యుదయమనగా శ్రామికుని పక్షము, ఎర్రజెండాకు దగ్గరివాడు. ఆ మాటకై ఉద్యోగములు పోగొట్టుకొన్నవారు గలరు. 1970 జూలై 4న హైదరాబాదున విప్లవ రచయితల సంఘము పుట్టగా, నిన్నటి అభ్యుదయ కవి శ్రీశ్రీ దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. ఆ దినమునుండి అభ్యుదయము చల్లబడిన మాట. క్రొత్తవారి దృష్టిలో రాజీపడినవాని పేరు. తిలకు సూత్రము మరల రుజువైనది. నేడో? మా మెట్టసీమలో డ్రిప్పు గొట్టములు వేసి మిరప పండించినవానిని వ్యవసాయాధికారులు అభ్యుదయ రైతు అని శాలువ కప్పుదురు. ఆయన ఏ పక్షమునకు వోటు వేయునో ఎవరును అడుగరు.

రైతు మాట వచ్చినది గాన ఆచార్య రంగాగారి సంగతి చెప్పక తప్పదు. గోగినేని రంగనాయకులుగారు నిడుబ్రోలువారు. 1930 తరువాత జమీందారీ రైతుల పోరాటములను నడిపి, 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు ముందుండి, నాటి పత్రికల భాషలో వామపక్షీయులైరి. 1959 జనవరిలో నాగపురము కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానింపగా, రైతు భూమి రైతుది గాక పోవునని ఎదిరించి, ఆ యేడే రాజగోపాలాచారిగారితో గలిసి స్వతంత్రపార్టీని స్థాపించి అధ్యక్షులైరి. వెంటనే ఆయన మితవాది, మతిలేని మితవాది, కుడిపక్షపువాడు! తరువాత మరల కాంగ్రెసులో చేరిరి. దున్నువానికి తన చెక్కపై తనకు హక్కుండవలెనను మాట ఆయన 1936లోను చెప్పెను, 1959లోను చెప్పెను. మొదట జమీందారు ఎదుట చెప్పెను, పిమ్మట ప్రభుత్వము ఎదుట చెప్పెను. ప్రతివాది మారగా వాది పేరు మారినది. ఇంకొక విశేషము: లిబరలునకు మూలమైన స్వేచ్ఛార్థము, 1918లో తెలుగువారు జారవిడిచినది, స్వతంత్ర అను పేరులో నలువదేండ్లకు తిరిగి వచ్చినది. అప్పటికి దానిని గుర్తుపట్టినవారు లేరు.

కుడియెడమలు ఫ్రాన్సు దేశపు 1789 నాటి సభలో కూర్చున్న తీరునుండి వచ్చినవని అందరు నెరుగుదురు. సంస్కృతమున వామమనగా ఎడమ, ఎదురు తిరిగినది, సుందరమైనది కూడ. దక్షిణమనగా కుడి, నేర్పుగలది; అలంకార శాస్త్రమున దక్షిణ నాయకుడనగా పెక్కుమంది నాయికలను సమానముగా సంతోషపెట్టువాడు. మన నేటి నాయకులలో కుడిపక్షమనియు ఎడమపక్షమనియు భేదము లేక ఈ లక్షణము పట్టువారు పెక్కురు.

మన సభకు మిక్కిలి దగ్గరిదైన జంట ముందు, వెనుక. 1939లో సుభాసచంద్రబోసు ఫార్వర్డు బ్లాకును స్థాపించినప్పుడు ఫార్వర్డు అనగా బ్రిటిషువారిపై ముందునకు దూకువాడు. నేడు ఫార్వర్డు కులమనగా కులమును బట్టి రిజర్వేషను లేనివాడు. ‘వెనుకబడిన’ యన్న మాటను మా తాతల తరము తిట్టుగా భావించెను. సభలలో ‘మనము వెనుకబడితిమి’ అన్నచో సిగ్గుపడి లేచి చదువునకు చందాలు వేసికొనిరి. 1951లో రాజ్యాంగపు మొదటి సవరణ, 1970లో అనంతరామన్ కమిషను నివేదికపై రాష్ట్ర ప్రభుత్వమిచ్చిన నూటికి 25 పాళ్లు, 1990లో మండలు సిఫారసుల అమలు ప్రకటన – వీనితో ఆ మాట తిట్టు పోయి హక్కైనది. ఇది న్యాయమే, వెనుకకు నెట్టబడినవానికి ఆ మాటయే చేతికర్ర. కాని ఒకే సభలో, ఒకే దినమున, ఉదయము మనము అభ్యుదయులమని ఒక తీర్మానము, సాయంకాలము మమ్ము వెనుకబడినవారిగా గుర్తింపుడని మరియొక తీర్మానము కార్యక్రమ పత్రములో అచ్చు పడియున్నవి. రెండును నెగ్గునట్లే యున్నది. రెంటిని వినబోవు విలేఖరి ఏమి వ్రాయునో యని మాకు కొంచెము బెంగగా నున్నది.

కార్యదర్శిగారికి మా సమాధానమిది. అభ్యుదయ పదమునందు దోషము లేదు, వ్యాకరణము సమ్మతించును. అయితే ఆ విశేషణమును మనకు మనమే పెట్టుకొన్నచో, ఏ ప్రతివాదికి ఎదురుగా పెట్టుకొనుచున్నామో తీర్మానములోనే వ్రాయవలెను: కట్నమునకా, కులము తప్పి పెండ్లాడినవారిని వెలివేయుటకా, మన వీథిలోని ఇల్లు పరకులమువారికి అద్దెకీయకుండుటకా? మూడును మన యూళ్లలో నున్నవే. ప్రతివాది పేరు లేని వాదము కోర్టులో నిలువదు. యువకులు ఈ మూటిలో నొక్కదానినైన తీర్మానమున చేర్చినచో మేము చేయి యెత్తుదుము. చేర్పక పేరు మాత్రము మార్చినచో ఎత్తము. కార్యదర్శిగారు మా యుత్తరమునకు ఇంకను బదులు వ్రాయలేదు.

ఈ వ్యాసమునకై సంఘపు పాత తీర్మానముల పుస్తకమును తిరగవేయగా, స్వరాజ్యమునకు ముందటి యొక సభలో ఆడపిల్లలను అయిదవ తరగతి వరకైన చదివింపవలెనను తీర్మానము కనబడినది. దానిలో అభ్యుదయమను మాట లేదు, పురోగమనమను మాట లేదు. ప్రక్కన ఒక పెద్ద, ఇది అతివాదమని తన యసమ్మతిని సిరాతో వ్రాసి చేవ్రాలు చేసినారు. ఆయన మాకు మాతామహులు. తీర్మానము నెగ్గినది. మా తల్లి మరుసటి యేడు బడిలో చేరెను; తానే తీసికొనిపోయి చేర్చినవారు మా మాతామహులేయట.